ఫోన్‌లో మాట్లాడేది ఆయన, జబ్బు నాది

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లోని ఒక చిన్న పట్నం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టి పెరిగింది తెనాలి వైపు. తెలుగు మీడియంలో చదువుకుని బీకాం చేశారు. భర్త ఐటీ ఉద్యోగం మీద వెళ్తే, రెండేళ్ల క్రితం డిపెండెంట్ వీసా మీద బాబుతో సహా అక్కడికి చేరారు. ఏడాదిగా నెలసరి అంటేనే భయపడే పరిస్థితి. ఎనిమిది, తొమ్మిది రోజులు సాగుతోంది. మొదటి మూడు రోజులూ రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. రాత్రి పక్క మీద పాత తువ్వాలు పరుచుకుని పడుకోవాలి. గడ్డలు గడ్డలుగా పడుతోంది. మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. బాబును బడి నుంచి తీసుకొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండటం లేదు.

అక్కడ ఏ జబ్బుకైనా ముందు చూపించుకోవాల్సింది జీపీకి, అంటే పేరు నమోదు చేసుకున్న క్లినిక్‌లోని మామూలు డాక్టరుకు. వాళ్ల జీపీ దగ్గర జరిగింది ఆమె మాటల్లోనే: "పొద్దున ఎనిమిదికి ఫోన్ చేస్తే మీ ముందు ఇరవై మంది ఉన్నారంటుంది. మన వంతు వచ్చేసరికి ఇవాళ్టికి అయిపోయాయి, రేపు చేయండి అంటారు. నాకు ఫోన్‌లో ఇంగ్లిష్ మాట్లాడాలంటే గొంతు పెగలదు. అందుకని ఆయనే చేస్తారు. మొదటిసారి నీరసంగా ఉంటోంది, తలనొప్పి అని చెప్పారు. ఎవరో డాక్టర్ ఫోన్‌లోనే మాట్లాడి నీళ్లు బాగా తాగమన్నాడు, పారాసిటమాల్ వేసుకోమన్నాడు. ఇంకోసారి మూత్రంలో మంట అంటే డాక్టర్‌ని చూడనివ్వకుండా మందుల షాపుకి పొమ్మన్నారు. అవమానంగా అనిపించింది. తర్వాత జుట్టు ఊడుతోందని వెళ్తే నర్సు రక్తం తీసింది. నార్మల్, ఏమీ చేయనక్కర్లేదని మెసేజ్ వచ్చింది. ఆఖరిసారి ఎదురుగా కూర్చోబెట్టి చూశారు. మగ డాక్టరు, పక్కన మా ఆయన. నిద్ర పడుతోందా, ఒంటరిగా అనిపిస్తోందా అని అడిగేసరికి ఏడుపు ఆగలేదు. డిప్రెషన్ మాత్రలు రాశాడు. బ్లీడింగ్ సంగతి మాత్రం వాళ్లిద్దరి ముందు నా నోట రాలేదు."

భర్త స్నేహితులతో మాట్లాడేటప్పుడు "వీసాతో పాటు వైద్యం సర్‌చార్జి అని ఏడాదికి మనిషికి 1,035 పౌండ్లు ముందే గుంజుకుని ఇదా వైద్యం" అంటారట. ఇంట్లో ఈమెతో మాత్రం "ఖాళీగా కూర్చుంటే అలాగే అనిపిస్తుంది" అంటారట. తెనాలి నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి, వచ్చెయ్, మన డాక్టరమ్మది మంచి హస్తవాసి, మరీ ఇబ్బందైతే గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతుంది, నాకూ నీ ఈడులోనే తీసేశారు అంటున్నారు. అక్కడి తెలుగువాళ్లలో ఒకరు జీపీని మార్చమని, ఒకరు నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి కూర్చోమని, ఇంకొకరు కంప్లైంట్ పెట్టమని చెబుతున్నారు. "ఏం చేయాలి? అసలు నాకు జబ్బుందా, లేక మా ఆయన అన్నట్టు అంతా నా ఊహేనా?" ఇదీ ఉత్తరం.

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. పక్క మీద తువ్వాలు పరుచుకోవాల్సి రావడం ఊహ కాదు. నేను డాక్టర్‌ని కాను, జబ్బు పేరు చెప్పలేను. కానీ అక్కడి ప్రభుత్వ వైద్యసేవ సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ప్రజలకు చెప్పే గుర్తులున్నాయి. ఏడు రోజులు దాటి సాగడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, అక్కడి పది పెన్స్ నాణెం కన్నా పెద్ద గడ్డలు పడటం, ఆయాసం, అలసట. వీటిలో చాలావరకు మీ ఉత్తరంలో ఉన్నాయి. ఇంగ్లండ్ డాక్టర్లు అనుసరించే నైస్ సంస్థ మార్గదర్శకం ఒకటి 2018లో వచ్చింది. అధిక రక్తస్రావమంటే ఇన్ని మిల్లీలీటర్లని అది లెక్క కట్టదు. ఆ ఆడమనిషి రోజువారీ బతుక్కి, ఒంటికి, మనసుకి అడ్డు పడుతుంటే అది అధికమే అంటుంది. అంటే కొలత మీ చేతిలోనే ఉంది. మీరు చెబితే తప్ప అవతలివాళ్లకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు మీ జీపీ వైపు నుంచి మీ కథ చూడండి. వాళ్ల కంప్యూటర్‌లో మీ పేరు మీద నాలుగు సంగతులున్నాయి. ఒకటి తలనొప్పి, నీరసం. ఒకటి మూత్రంలో మంట. ఒకటి జుట్టు రాలడం. ఒకటి దిగులు. నాలుగూ వేర్వేరు మనుషులు చూశారు, వేర్వేరు రోజుల్లో రాశారు. అధిక రక్తస్రావం అన్న మాట ఎక్కడా లేదు. మీకేమో ఏడాదిగా మొత్తుకుంటున్నా వినలేదని కోపం. వాళ్లకేమో ఆ మొర ఒక్కసారి కూడా చేరలేదు. తప్పు మీదని అనడం లేదు. మగ డాక్టరు, పక్కన భర్త, పది నిమిషాల సమయం, రాని భాష. అక్కడ కూర్చుంటే తెనాలిలో గడగడా మాట్లాడే మనిషికైనా నోరు పెగలదు. ఆ డాక్టరైనా "మీ భార్యతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడతాను" అనాల్సింది. అనలేదు. ఇది మాత్రం వాళ్ల లోపమే.

మీ ఊరి డాక్టరమ్మతో పోల్చుకుంటున్నారు కదా, అందులో ఒక నిజం ఉంది. ఆవిడ మీ కాన్పు చూశారు, మీ అమ్మ ఆపరేషన్ సంగతి తెలుసు. మీరు గుమ్మంలో అడుగు పెడితే మొహం పాలిపోయిందేమని తనే అడుగుతుంది. మీ సంగతులన్నీ ఆవిడకు గుర్తుంటాయి. ఇంగ్లండ్‌లో ఒక్కో జీపీకి సగటున 2,200 మందికి పైగా పేషెంట్లు. ఏ రోజు ఏ డాక్టరు దొరుకుతారో తెలియదు. అక్కడ మనిషికి గుర్తుండదు, రికార్డుకి గుర్తుంటుంది. రికార్డులో లేనిది అక్కడ జరగనట్టే. ఈ పద్ధతి నాకూ నచ్చదు. కానీ మీరుంటున్నది అందులోనే కాబట్టి, ముందు మీ అసలు బాధ ఆ రికార్డులోకి ఎక్కాలి. ఆ తర్వాతే జీపీని మార్చాలా, ఇండియా వెళ్లాలా అన్న ఆలోచన.

ఇందుకు మీ దగ్గర ఒక ఆయుధం ఉంది, మీరు దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఫోన్‌లో ఇంగ్లిష్ రాదన్నారు గానీ చదవడం, రాయడం రాదనలేదు. బీకాం చదివారు. అక్కడి క్లినిక్‌లకు వెబ్‌సైట్‌లో గానీ, ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో గానీ ఆన్‌లైన్ ఫారం ఉంటుంది. 2025 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లోని క్లినిక్‌లు ఆ దారిని పనిరోజుల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 దాకా తెరిచి ఉంచాలి. మరీ అత్యవసరం కాని విషయాలకు ఎనిమిది గంటల ఫోన్ పోటీలో పడాల్సిన పని లేదు. బాబు బడికి వెళ్లాక తాపీగా కూర్చుని రాయండి. ఇలా మొదలుపెట్టవచ్చు: "ఏడాదిగా నెలసరి ఎనిమిది, తొమ్మిది రోజులు ఉంటోంది. మొదటి మూడు రోజులు రెండు గంటలకోసారి ప్యాడ్ మారుస్తున్నాను. పెద్ద గడ్డలు పడుతున్నాయి. రాత్రి బట్టలు, పక్క తడుస్తున్నాయి. మెట్లెక్కితే ఆయాసం. ఇంతకుముందు నీరసం, తలనొప్పి, జుట్టు రాలడం అని మీ దగ్గరకు వచ్చాను, అన్నీ దీనికి సంబంధించినవేనేమో అని నా అనుమానం. ఈ విషయం ఇంతవరకు చెప్పలేకపోయాను. ఎదురుగా కూర్చుని మాట్లాడే అపాయింట్‌మెంట్ కావాలి, వీలైతే మహిళా డాక్టరు. తెలుగు అనువాదకురాలు కావాలి. అందుకని రెట్టింపు సమయం ఇవ్వండి." ఆఖరి నెలసరి ఎప్పుడు మొదలైంది, మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపిస్తోందా, గర్భనిరోధకాలు ఏవైనా వాడుతున్నారా, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉండేదా, ఇవీ చేర్చండి. మీ అమ్మగారి సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆవిడకు ఆపరేషన్ ఎందుకు చేశారో ఫోన్‌లో కనుక్కోండి. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే కణితులు) అని అంటే అది డాక్టరుకు ముఖ్యమైన కబురే.

అనువాదకురాలి విషయం మీకు తెలిసినట్టు లేదు. ఉచితంగా ఏర్పాటు చేయాల్సింది క్లినిక్‌వాళ్లే. చాలాసార్లు మనిషి రాదు, ఫోన్ లైన్‌లో ఉండి మీ మాట డాక్టరుకు, డాక్టరు మాట మీకు చెబుతుంది. ముందుగా అడిగితేనే తెలుగు వచ్చిన మనిషిని చూసి పెట్టగలరు. ఇంట్లోవాళ్లతో అనువాదం చేయించడం మంచిది కాదని అక్కడి మార్గదర్శకాలే చెబుతాయి. ఎందుకో మీ అనుభవమే చెబుతోంది కదా. మహిళా డాక్టరు కావాలని అడిగే హక్కుంది, వాళ్లు వీలైనంత ప్రయత్నించాలి. ఆ రోజే దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. కాస్త ఆగాల్సి రావచ్చు. మగ డాక్టరే అయితే, పరీక్ష చేసేటప్పుడు తోడుగా ఒక మహిళా సిబ్బందిని ఉంచమని అడగవచ్చు.

రిసెప్షనిస్ట్ సమస్యేంటని అడిగితే చిన్నతనంగా ఉంటోందని రాశారు. ఆమె అడిగేది ఆరా తీయడానికి కాదు, ఎవరి దగ్గరకు పంపాలో తేల్చడానికి. "ఆడవాళ్ల సమస్య, డాక్టరుకే చెబుతాను" అంటే చాలు. రేపు చేయండి అన్నారు చూశారూ, అది మాత్రం ఒప్పుకోవద్దు. 2023 నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌తో క్లినిక్‌వాళ్లకున్న కాంట్రాక్టులోనే ఉంది, ఫోన్ చేసిన పేషెంటును ఉత్తినే ఇంకో రోజు చేయమని తిప్పి పంపకూడదు. ఆ రోజే ఏదో ఒక దారి చూపాలి. అపాయింట్‌మెంటే ఇవ్వాలని కాదు, మీ అవసరమేమిటో కనుక్కుని ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. మెత్తగానే అడగండి: "రేపు మళ్లీ చేయలేను, ఇప్పుడే నా వివరం రాసుకోండి."

ఇక మందుల షాపు దగ్గర అవమానం అన్నారు. అక్కడ మీతో ఏకీభవించను. 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ అని ఒక పద్ధతి నడుస్తోంది. గొంతునొప్పి, సైనస్, చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం లాంటి ఏడు చిన్న జబ్బులకు, డాక్టరుతో పని లేకుండా ఫార్మసిస్టే చూసి మందివ్వవచ్చు. ఆడవాళ్లకు వచ్చే మామూలు మూత్రపు ఇన్ఫెక్షన్ ఆ ఏడింటిలో ఒకటి. అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. మన దగ్గర కౌంటర్ మీద అడిగి మాత్రలు తెచ్చుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఆ రోజు రిసెప్షనిస్ట్ చెప్పింది సరైన దారే. అధిక రక్తస్రావం మాత్రం ఆ ఏడింటిలో లేదు. దాన్ని పట్టుకుని వెళ్తే ఫార్మసీకి పంపడం కుదరదు.

"నార్మల్" అన్న మెసేజ్‌ను కూడా అక్కడితో వదిలేయకండి. ఏ పరీక్ష నార్మల్? జుట్టు రాలుతోందని వెళ్లారు కాబట్టి ఒక్క థైరాయిడే చూశారేమో. యాప్‌లో మీ రికార్డు తెరిస్తే పరీక్షల పేర్లు, అంకెలు కనిపిస్తాయి. కనబడకపోతే రిసెప్షన్‌లో అడిగి ఆ వీలు తెరిపించుకోండి. హిమోగ్లోబిన్ ఉందా లేదా చూడండి. అధిక రక్తస్రావంతో వచ్చిన ప్రతి మహిళకూ రక్తకణాల పరీక్ష చేయాలని ఇందాక చెప్పిన మార్గదర్శకంలో ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష మాత్రం అందరికీ మామూలుగా రాయరు. మీ ఆయాసం, అలసట చెప్పి అవసరమా అని అడగండి, రాయాలో లేదో డాక్టరు తేలుస్తారు.

అక్కడ కొత్తగా వచ్చిన ఇంకో పద్ధతి మీకు ఉపయోగపడుతుంది. జెస్ బ్రేడీ అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయి 2020లో క్యాన్సర్‌తో చనిపోయింది. అంతకుముందు కొన్ని నెలల్లో ఇరవైసార్లు దాకా తన జీపీని సంప్రదించింది. తల్లిదండ్రులు పట్టుబట్టి పోరాడగా 2025 సెప్టెంబర్‌లో జెస్ రూల్ వచ్చింది. ఒకే బాధతో, లేదా ముదురుతున్న బాధతో పేషెంటు మూడుసార్లు వచ్చినా కారణం తేలకపోతే, జీపీ మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ ఈడులో అధిక రక్తస్రావానికి ఎక్కువగా కనిపించే కారణాలు ప్రాణాంతకం కావు, వైద్యం ఉన్నవే. కానీ ఈ రూలు మీకు పని చేయాలంటే ఆ "ఒకే బాధ" అనేది రికార్డులో కనబడాలి. ఇప్పుడున్నట్టు నాలుగు ముక్కలుగా ఉంటే ఏ రూలూ పట్టుకోలేదు. అందుకే ఫారంలో పాత సందర్శనలన్నీ ఒకే వరసలో రాయమన్నాను.

ఇప్పుడు మిగతావాళ్లు చెప్పిన దారుల్లోకి వద్దాం. జీపీని మార్చవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, పాత క్లినిక్‌వాళ్ల అనుమతీ అక్కర్లేదు. కొత్త చోట ఫారం నింపితే చాలు, అడ్రసు రుజువు లేదని కాదనడానికి వీల్లేదు. మీరు వాళ్ల పరిధి బయట ఉన్నారనో, కొత్త పేషెంట్లను చేర్చుకోవడం లేదనో కాదనవచ్చు, అప్పుడు కారణం రాసివ్వాలి. చేరాక పాత రికార్డు దానంతటదే వెళ్తుంది. అదే నాలుగు ముక్కల రికార్డు. అక్కడా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. పక్కవీధిలో తెలుగో, హిందీయో మాట్లాడే మహిళా డాక్టరు ఉన్నారని ఖాయంగా తెలిస్తే మారడంలో అర్థముంది. కోపం మీద మారితే కొన్ని వారాలు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కంప్లైంట్ పెట్టవచ్చు. క్లినిక్ నడిపే ప్రాక్టీస్ మేనేజర్‌కి గానీ, ఆ ప్రాంతపు వైద్యసేవలు చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకి గానీ, జరిగిన పన్నెండు నెలల్లోపు. అందిందని మూడు పనిదినాల్లో చెప్పాలి. కంప్లైంట్ పెట్టారని మిమ్మల్ని లిస్టు నుంచి తీసేయకూడదు. జవాబు నచ్చకపోతే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లవచ్చు. వచ్చేది మాత్రం వివరణో, క్షమాపణో. అపాయింట్‌మెంట్ కాదు. నేనైతే ఇప్పుడు పెట్టను. స్పష్టంగా రాసి ఇచ్చాక కూడా పట్టించుకోకపోతే అప్పుడు పెడతాను. అప్పుడు మీ చేతిలో కాగితం ఉంటుంది.

ప్రైవేట్ జీపీ అంటే వెంటనే దొరుకుతుంది, తాపీగా వింటారు. ఒక్కసారికి వంద పౌండ్ల అటూఇటూ పెట్టుకోవాలి. పరీక్షలు, స్కానింగ్, మందులు మళ్లీ విడిగా. వాళ్లు రాసిందల్లా మీ మామూలు జీపీ కొనసాగించాలన్న నియమం లేదు. డబ్బు ఇబ్బంది లేకపోతే ఒక్క స్కానింగ్ కోసం వెళ్లవచ్చు. కానీ మీ ఆయన అన్న సర్‌చార్జి నిజంగానే ముందే కట్టారు. కట్టిన వైద్యాన్ని సరిగ్గా అడగకుండానే ఇంకో చోట కట్టడమెందుకు?

ఇక తెనాలి. ఇక్కడ కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన వాక్యం మీ అమ్మగారిదే. వెళ్లడంలో తప్పేమీ లేదు. జూలై ఆఖరు నుంచి బాబుకు సెలవులు. మీ డాక్టరమ్మ దగ్గర భాష అడ్డు లేదు, సిగ్గు లేదు. స్కానింగ్, రక్తపరీక్షలు ఒకే రోజులో అవుతాయి. ఇంగ్లండ్‌లో గైనకాలజిస్టును చూడాలంటే జీపీ రాయాలి, ఆ తర్వాత 18 వారాల్లోపు వైద్యం మొదలవ్వాలన్నది లక్ష్యమే గానీ చాలామంది అంతకు మించి ఆగుతున్నారు. కాబట్టి మీ అమ్మగారి తొందర అర్థం లేనిది కాదు. పరీక్షల దాకా తెనాలి భేషుగ్గా పనికొస్తుంది. అవసరం లేని పరీక్షలూ నాలుగు రాస్తారనుకోండి, అది వేరే కథ.

కానీ గర్భసంచి మాట దగ్గర ఆగండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చుట్టుపక్కల ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దాకా ఉన్నారు. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే, మన వెనకే తెలంగాణ. మన ఆడవాళ్ల గర్భసంచులకే అంత జబ్బు వచ్చిందా? పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు, తీసేస్తే గోల పోతుంది అన్న ధోరణి ఇంట్లోనూ ఉంది, నర్సింగ్‌హోమ్‌లోనూ ఉంది. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే, కాదనను. కానీ దానికన్నా ముందు ప్రయత్నించే మార్గాలు చాలా ఉన్నాయి. రక్తస్రావం తగ్గించడానికి నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. హార్మోన్ విడుదల చేసే కాయిల్‌ను గర్భసంచి లోపల అమర్చడం ఉంది. కారణాన్ని బట్టి చిన్న ప్రొసీజర్లూ ఉన్నాయి. మీకు ఏది సరిపడుతుందో చూసినవాళ్లే చెప్పాలి. మూడు వారాల సెలవుల్లో, చుట్టాలందరూ తలో మాట అంటుండగా, తిరుగు టికెట్ తేదీ చూసుకుంటూ తీసుకోవాల్సిన నిర్ణయం కాదది. పెద్ద ఆపరేషన్ చేయించుకున్నాక తిరుగు ప్రయాణం, అక్కడ ఇంటిపని, బాబు, ఏదైనా తేడా వస్తే ఆపరేషన్ కాగితాలు కూడా లేని కొత్త డాక్టరు. తెనాలి వెళ్తే పరీక్షలు చేయించుకోండి, రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు తెచ్చుకోండి, ఆపరేషన్ మాటెత్తితే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోకండి. తెచ్చిన రిపోర్టులు జీపీకి ఇవ్వండి. కొన్ని పరీక్షలు మళ్లీ చేయిస్తారు, నొచ్చుకోకండి.

అలాగని సెలవుల దాకా ఫారం పంపకుండా ఆగకండి. రెండూ సాగనివ్వండి. ఈ వారమే రాస్తే, టికెట్ కొనేలోగా కనీసం రక్తపరీక్ష అయినా అవుతుంది.

డిప్రెషన్ మాత్రలు వేసుకోలేదని రాశారు. ఆ డాక్టరు మీ ఏడుపు చూశాడు, రక్తస్రావం సంగతి వినలేదు, తనకు కనిపించినదానికి మందు రాశాడు. ఒంట్లో రక్తం తగ్గితే మనసూ దిగాలు పడుతుంది. అలాగే రెండేళ్లుగా మాట్లాడే మనిషి లేకుండా నాలుగు గోడల మధ్య ఉండటమూ నిజమే. ఒకటి ఉంటే రెండోది లేనట్టు కాదు. మాత్రలు వేసుకోలేదని వచ్చే అపాయింట్‌మెంట్‌లో దాచకుండా చెప్పండి. మాట్లాడటం ద్వారా ఇచ్చే చికిత్సకు జీపీ చీటీ లేకుండా మీరే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, అక్కడా అనువాదకురాలిని అడగవచ్చు.

మీ ఆయన గురించి. ఉత్తరాన్ని బట్టి చెడ్డ మనిషిలా అనిపించలేదు. పనిలోంచి వీలు చూసుకుని ఫోన్లు చేస్తున్నారు, లైన్లో వేచి ఉంటున్నారు, వెంట వస్తున్నారు. కానీ గడ్డలు పడుతున్నాయని ఆయనకు మీరు చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకు తెలిసింది నీరసం, ఆయన చెప్పిందీ నీరసమే. ఖాళీగా ఉంటే అలాగే అనిపిస్తుంది అనడం మాత్రం దురుసు మాట, దాన్ని వెనకేసుకు రాను. చెప్పడానికి మొహమాటమైతే ఫారంలో రాసినదే ఆయనకు చూపించండి. చదివితే చాలావరకు అర్థమవుతుంది. ఆ తర్వాత, "ఈసారి నేను లోపలికి ఒక్కదాన్నే వెళ్తాను, మీరు బయట కూర్చోండి" అనండి. లోపల చెప్పింది డాక్టరు మీ అనుమతి లేకుండా ఆయనకు చెప్పరు. ఒకవేళ ఒంటరిగా వెళ్లనివ్వనంటే, ఫోనూ యాప్ పాస్‌వర్డూ తన దగ్గరే పెట్టుకుంటే, అది ఈ ఉత్తరంతో తేలే విషయం కాదు. అప్పుడు నాకు మళ్లీ రాయండి.

నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి కూర్చోమన్నవాళ్ల మాట మామూలు రోజుల్లో పనికిరాదు. గంటలకొద్దీ కూర్చోబెట్టి, ప్రాణానికి ప్రమాదం లేదని తేల్చి, జీపీని కలవమని కాగితం ఇచ్చి పంపుతారు. కానీ గంటకో ప్యాడ్ నిండిపోతూ అది ఆగకపోతే, కళ్లు తిరిగి పడిపోతే, గుండెల్లో నొప్పి వస్తే, కూర్చున్నా ఆయాసం వస్తుంటే, గర్భం నిలిచిందేమోనన్న అనుమానం ఉండి రక్తం, కడుపునొప్పి కలిసి వస్తే ఫారాలూ అపాయింట్‌మెంట్లూ పక్కన పెట్టి వెళ్లాల్సిందే. మనిషి పడిపోయే స్థితిలో ఉంటే 999. ఏం చేయాలో తోచకపోతే 111, రాత్రీ పగలూ ఉంటుంది, "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అంటే లైన్లోకి తీసుకొస్తారు. ఆ రెండు నంబర్లూ బాబుకు కూడా నేర్పి ఉంచండి.

అపాయింట్‌మెంట్ దొరికాక, గదిలోంచి లేచే ముందు మూడు సంగతులు అడిగి కాగితం మీద రాసుకోండి: ఏ పరీక్షలు రాశారు, ఫలితం ఎప్పుడు ఎలా తెలుస్తుంది, బాధ తగ్గకపోతే ఎన్నాళ్లకు మళ్లీ రావాలి. మళ్లీ వచ్చినప్పుడు ఇదే డాక్టరు కావాలని రిసెప్షన్‌లో చెప్పి వెళ్లండి. ఫలానా డాక్టరు కావాలని కోరుకునే హక్కు అక్కడి పేషెంట్లకు రాతపూర్వకంగానే ఉంది. ప్రతిసారీ కుదరకపోయినా, అడిగిన సంగతి మీ పేరు పక్కన ఉంటుంది.